కోడ్ చెప్పగానే పార్టు కొనకు

అల్లుడూ,

నీ కారులో చెక్ ఇంజన్ లైటు వెలుగుతోందని, స్కానర్‌లో 'లీన్' అని కోడ్ వచ్చిందని, మెకానిక్ ఆక్సిజన్ సెన్సర్ (పొగ గొట్టంలో ఆక్సిజన్ ఎంతుందో కొలిచేది) మార్చేద్దామన్నాడని చెప్పావు. కాస్త ఆగు.

లీన్ అంటే పెట్రోలు తక్కువ, గాలి ఎక్కువ అని. ఆ మాట చెప్పింది సెన్సరే. నిజం చెప్పిన పాపానికి దాన్నే పీకేస్తే ఎలా? బండి పాతది, రబ్బరు గొట్టాలు ఎండి పగిలి ఉంటాయి. ఇంజన్ ఐడిల్‌లో, అంటే యాక్సిలరేటర్ తొక్కకుండా నడుస్తుండగా, ఇన్‌టేక్ మానిఫోల్డ్‌కి (ఇంజన్ సిలిండర్లకి గాలి పంచే భాగం) వెళ్లే సన్న గొట్టాలను ఒక్కొక్కటే నొక్కి చూడు. నొక్కగానే ఇంజన్ చప్పుడు మారితే అక్కడే గాలి పీలుస్తున్నట్టు. లీకు కోసం వేడి ఇంజన్ మీద పెట్రోలు చల్లేవాళ్లున్నారు, నువ్వు ఆ పని చెయ్యకు. గొట్టాలు బాగుంటే ఫ్యూయల్ ఫిల్టర్ చూడాలి.

తర్వాత ఎర్త్, అంటే కరెంటు తిరిగి బ్యాటరీకి చేరే దారి. మన విశాఖలో సగం రోగాలు ఇక్కడే. నువ్వు బీచ్ రోడ్డు పక్కన పెట్టే బండికి ఉప్పుగాలి తగలకుండా ఎలా ఉంటుంది? నా పాత కారు సింహాచలం కొండ ఎక్కుతూ రెండుసార్లు ఆగిపోయింది. ఒకచోట థ్రాటిల్ సెన్సర్ మార్చారు, ఇంకోచోట కంప్యూటరే పోయిందన్నారు. చివరికి చూస్తే ఇంజన్ నుంచి బాడీకి వెళ్లే ఎర్త్ వైరు కింద పచ్చగా చిలుము! గరుకు కాగితంతో రుద్ది బిగించాను, అంతే. మల్టీమీటర్ ఒక కొసను బ్యాటరీ నెగెటివ్‌కి, రెండోది ఇంజన్ లోహానికి పెట్టి, హెడ్‌లైట్లు, ఏసీ వేసి చూడు. 0.2 వోల్టు దాటితే ఎర్త్‌ని అనుమానించు. ఇంజన్ నడుస్తుంటే బ్యాటరీ దగ్గర మామూలుగా 13.8 నుంచి 14.4 వోల్టుల దాకా ఉండాలి.

లైటు ఆర్పడానికి బ్యాటరీ వైరు పీకకు. కోడ్ కాగితం మీద రాసుకోకముందే చెరిగిపోతుంది.

ఆదివారం పొద్దున్నే నేనే వస్తాను. రాత్రంతా ఆగిన బండిలో కూలెంట్ సెన్సర్ (ఇంజన్‌ని చల్లబరిచే నీళ్ల వేడి కొలిచేది) స్కానర్‌లో చూపే వేడి బయటి గాలికి దగ్గరగా ఉండాలి. ఈ ఉక్కలో మైనస్ 40 డిగ్రీలు చూపిస్తే వైరు తెగినట్టో, సెన్సర్ పోయినట్టో. అందుకే నేను వచ్చేదాకా స్టార్ట్ చెయ్యకు, పాలప్యాకెట్టుకి నడిచి వెళ్లు.

మీ మామయ్య