ఇంజినీరింగ్ చదివి ప్లైవుడ్ కోతల ఉద్యోగమా?

ప్రశ్న: మా అబ్బాయి గుంటూరు దగ్గరి కళాశాలలో మెకానికల్ ఇంజినీరింగ్ పూర్తిచేశాడు. విజయవాడ ఆటోనగర్‌లో మాడ్యులర్ కిచెన్లు, వార్డ్‌రోబ్‌లు తయారుచేసే ఒక చోట ఉద్యోగం వచ్చింది. ప్లైవుడ్ షీట్లను, అల్యూమినియం సెక్షన్లను తక్కువ తరుగుతో ఎలా కోయాలో చెప్పే సాఫ్ట్‌వేర్‌ను అక్కడ కొత్తగా పెడుతున్నారట. దాన్ని వాళ్ల పనికి తగ్గట్టు అమర్చే బాధ్యత వీడిదట. నాకేమో హైదరాబాద్ అమీర్‌పేటలో డేటా సైన్స్ కోర్సులో చేర్పించాలని ఉంది. బంధువులు "ఇంజినీరింగ్ చదివించి వడ్రంగి పనికి పంపుతావా" అంటున్నారు. రెండింటినీ పోల్చి చెప్పగలరు.
– ఒక తండ్రి, గుంటూరు

సమాధానం: మీ ప్రశ్న నాకు కొత్త కాదు. మిర్చి కోల్డ్ స్టోరేజీలో ఉద్యోగం వచ్చిన కుర్రాడి తండ్రి, స్పిన్నింగ్ మిల్లులో మెయింటెనెన్స్‌కు ఎంపికైన అమ్మాయి తల్లి కూడా ఇలాగే రెండు దారులను పోల్చి చెప్పమని అడిగారు. అందరి లేఖల్లోనూ బరువంతా చివర ఒక వాక్యంలో ఉంటుంది. మీ లేఖలో అది బంధువుల మాట. పోలిక సంగతి తరువాత చూద్దాం. ముందు ఆ మాట గురించి కొంచెం కటువుగానే చెప్పవలసి ఉంది, ఏమీ అనుకోకండి. మీ అబ్బాయి ఫీజు కట్టింది ఆ బంధువులు కాదు, రేపు వాళ్లు అతనికి జీతమూ ఇవ్వరు. అతని ఉద్యోగం గురించి అతనితో ఒక గంట కూర్చుని మాట్లాడి ఉంటే మీరు నాకు ఇంకో రకమైన ప్రశ్న రాసి ఉండేవారు. మీ లేఖలో "పెడుతున్నారట", "వీడిదట" అని ఉంది కాని, "నేను వెళ్లి చూశాను" అని ఎక్కడా లేదు. గుంటూరు నుంచి ఆటోనగర్ ఎంత దూరం కనుక?

ఇక ఆ పని ఏమిటో చూద్దాం. ఎనిమిదడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు ఉండే షీటును ఈ రంగంలో 2440, 1220 మిల్లీమీటర్లుగా లెక్కిస్తారు. అంచులు దెబ్బతిని ఉంటాయి కాబట్టి పొడవులో రెండు వైపులా పదేసి మిల్లీమీటర్లు తీసేస్తే 2420 మిగులుతుంది. డిజైనర్ 605 మిల్లీమీటర్ల ముక్కలు నాలుగు కావాలని అడిగితే కాగితం మీద లెక్క సరిగ్గా సరిపోతుంది. కాని రంపం బ్లేడు మందం 3.2 మిల్లీమీటర్లయితే, మూడు కోతల్లో 9.6 మిల్లీమీటర్లు పొట్టుగా పోయి, నాలుగో ముక్క 595.4 దగ్గర ఆగిపోతుంది. బ్లేడు మందం నింపని సాఫ్ట్‌వేర్ మాత్రం షీటు చక్కగా సరిపోయిందనే చూపిస్తుంది. కోసిన అంచు కనిపించకుండా అంటించే అంచుపట్టీ సంగతి ఇంతకంటే చిక్కైనది. రెండు వైపులా రెండేసి మిల్లీమీటర్ల పట్టీ అంటించి 600 రావలసిన షట్టర్‌ను, అంటే అల్మరా తలుపును, 596కు కోయాలి. డిజైన్ జాబితాలోనే ఆ నాలుగూ తీసేసి ఉంటే, కోత సాఫ్ట్‌వేర్‌లో కూడా తీసేయమని పెట్టి ఉంటే, ముక్క 592కు వస్తుంది. ఆ పొరపాటు వర్క్‌షాపులో ఎవరికీ కనిపించదు, గృహప్రవేశానికి వారం ముందు కస్టమర్ ఇంట్లో షట్టర్ బిగించేటప్పుడు సందుగా బయటపడుతుంది.

ప్లైవుడ్ పైన అంటించే లామినేట్ పొర మీద చెక్క చారలుంటే వాటి దిశ కూడా చెప్పాలి. ముక్కను తిప్పడానికి అనుమతిస్తే ఒక షీటు ఆదా అవుతుంది కాని, పక్కపక్కన ఉన్న తలుపుల్లో ఒకదానికి నిలువు చారలు, ఇంకొకదానికి అడ్డచారలు వస్తే ఏ గృహిణీ ఒప్పుకోదు. ప్యానెల్ సా అనే రంపం యంత్రం ఈ అంచు నుంచి ఆ అంచు దాకా నేరుగా మాత్రమే కోయగలదు, కంప్యూటర్ నడిపే సీఎన్‌సీ రూటర్ షీటు మధ్యలో ఎక్కడైనా కోయగలదు. ఆ కర్మాగారంలో ఉన్నది ఏదో చెప్పకపోతే యంత్రం కోయలేని ప్లాను వస్తుంది. మిగిలిన ముక్కల్లో ఏ కొలతకు పైబడినవి దాచుకోవాలి, వాటిని మళ్లీ ఎలా వాడాలి అన్నదీ ఎవరో ఒకరు నిర్ణయించాలి. దాచిన ప్రతి ముక్క మీదా లేబుల్ లేకపోతే గోడవారన పెద్ద గుట్ట తయారవుతుంది, సాఫ్ట్‌వేర్ ప్రతిసారీ కొత్త షీటే అడుగుతుంది. సెక్షన్ల విషయంలో పొడవు ఒక్కటే లెక్క కాబట్టి అంత చిక్కు ఉండదు. కిటికీ ఫ్రేముల మూలలకు వచ్చే నలభై ఐదు డిగ్రీల కోతల్లో జాగ్రత్తపడితే చాలు.

బటన్ నొక్కితే ప్లాను ఎవరికైనా వస్తుంది. ఇవన్నీ తెలిసి సరిగా అమర్చే మనిషికే విలువ. తరుగు తగ్గడం ఒక్కటే లక్ష్యంగా పెడితే షీటును పదిసార్లు అటూ ఇటూ తిప్పవలసిన ప్లాను వస్తుంది, రంపం దగ్గరి మేస్త్రీ దాన్ని పక్కన పడేసి తన పద్ధతిలో కోసుకుంటాడు. ఎన్ని మలుపులకు ఎంత ఆదా చాలునో ఆ మేస్త్రీతో మాట్లాడి తేల్చుకోవాలి.

మీరు డేటా సైన్స్ అన్నారు కాబట్టి ఒక చరిత్ర చెబుతాను. 1938లో లెనిన్‌గ్రాడ్‌లో ప్లైవుడ్ పరిశ్రమవారు తమ యంత్రాలకు పనిని ఎలా పంచాలో చెప్పమని లియొనిద్ కాంటొరోవిచ్ అనే యువ గణితవేత్తను అడిగారు. మరుసటి సంవత్సరం ఆయన ప్రచురించిన చిన్న పుస్తకంలో, పదార్థాన్ని తక్కువ తరుగుతో కోసే సమస్య కూడా ఉంది. ఉన్న వనరులను ఎలా పంచితే ఎక్కువ ఫలితం వస్తుందో తేల్చే లీనియర్ ప్రోగ్రామింగ్ అనే గణితానికి అదొక పునాది. వనరుల వినియోగంపై చేసిన కృషికి ఆయనకు 1975లో ఆర్థికశాస్త్ర నోబెల్ వచ్చింది. 1961లో గిల్మోర్, గొమొరీ అనే ఇద్దరు గణితవేత్తలు ఇదే కోత సమస్యకు కంప్యూటర్‌తో సాధించగల పద్ధతి చూపారు. మీ అబ్బాయిని అమీర్‌పేటకు పంపి ఏ గణితం దగ్గరకు చేర్చాలనుకుంటున్నారో, అదే గణితం ఆటోనగర్‌లో అతనికి జీతం ఇచ్చి మరీ ఎదురుచూస్తున్నది.

ఆ కోర్సు మీద నా అనుమానాలు దాచుకోను. డేటా సైన్స్ మంచి రంగమే, కాని కొన్ని నెలల కోర్సులో అందేది పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషతో పరిచయం, నాలుగైదు రెడీమేడ్ ప్రాజెక్టులు, ఒక సర్టిఫికెట్. బ్యాచ్‌లో అందరి రెజ్యూమేలలోనూ అవే ప్రాజెక్టులుంటాయి. ఇంటర్వ్యూ చేసేవాడికి ఆ సంగతి తెలుసు. స్టాటిస్టిక్స్‌లో ఎమ్మెస్సీ చేసినవాళ్లు, కంప్యూటర్ సైన్స్ గట్టిగా చదివినవాళ్లు అదే వరుసలో నిలబడి ఉంటారు. వాళ్ల మధ్య ఒక మెకానికల్ కుర్రాడు ఏ బలంతో ముందుకు వస్తాడో ఆ సంస్థలవాళ్లు మీకు చెప్పరు. వంద శాతం ప్లేస్‌మెంట్ అనే బోర్డు చూసి లక్షలు కట్టి, హాస్టల్లో ఏడాది గడిచాక "ఇంకొక కోర్సు చేస్తే వస్తుందట" అంటూ వచ్చే తల్లిదండ్రులను నేను తరచుగా చూస్తాను. మొదటి కోర్సుకు ఎందుకు రాలేదని అడిగితే వాళ్ల దగ్గర జవాబు ఉండదు. గణితం మీద నిజంగా ఇష్టం ఉన్న పిల్లవాడైతే, పని చేస్తూ సాయంత్రాలు పైథాన్ నేర్చుకుని, తన కర్మాగారంలోని నెలవారీ తరుగు లెక్కల మీదే ఒక విశ్లేషణ చేసి చూపించవచ్చు. అలాంటి ప్రాజెక్టు ఆ బ్యాచ్‌లో ఇంకెవరి దగ్గరా ఉండదు.

ఈ ఉద్యోగంలోనూ ప్రమాదం లేకపోలేదు. సాఫ్ట్‌వేర్ అమ్మినవారి మనిషే వచ్చి అంతా అమర్చి వెళ్లిపోతే, మీ అబ్బాయికి మిగిలేది పొద్దుటి నుంచి రాత్రి దాకా కొలతలు టైపు చేయడం. ఆరు నెలలు అలా గడిచినా మార్పు లేకపోతే అక్కడ ఉండవద్దని నేనే చెబుతాను. మొదటి జీతం మీరు ఊహించుకున్న ఐటీ జీతంలా కూడా ఉండదు.

అయితే నేర్చుకున్నది ఆ ఒక్క కర్మాగారానికి కట్టుబడి ఉండదు, ఆ విషయంలో నిశ్చింతగా ఉండండి. గాజు పలకలు, లారీ బాడీలకు వాడే ఇనుప రేకులు, బట్టల కటింగ్, అన్నింటిలోనూ ఇదే సమస్య ఉంది. 2025లో అమరావతి నిర్మాణాలు తిరిగి ఊపందుకున్నాయి. అక్కడ పన్నెండు మీటర్ల ఇనుప కడ్డీలను కోసి వంచడానికి బార్ బెండింగ్ షెడ్యూళ్లు వేస్తారు. వంపుల లెక్కలకు ఐఎస్ 2502 అనే ప్రమాణం ఉంది, అది నేర్చుకుంటే ఆ దారీ తెరుచుకుంటుంది. చెక్క యంత్రాల మీద ఆసక్తి కలిగితే బెంగళూరు మల్లేశ్వరంలోని వుడ్ సైన్స్ అండ్ టెక్నాలజీ సంస్థలో శిక్షణ గురించి విచారించవచ్చు.

పోలిక చెప్పమన్నారు కదా: చేతిలో ఉన్న ఈ ఉద్యోగంలో చేర్చండి, కోర్సు ఫీజును ఏడాది పాటు బ్యాంకులోనే ఉంచండి. ఒప్పుకునే ముందు మీ అబ్బాయి మూడు విషయాలు తేల్చుకోవాలి. సెట్టింగులు మార్చే అధికారం తనకు ఉంటుందా, మొదటి నెల రంపం దగ్గర, అంచుపట్టీ యంత్రం దగ్గర నిలబడి పని చూడనిస్తారా, సాఫ్ట్‌వేర్ కంపెనీ ఇచ్చే శిక్షణకు తననే పంపుతారా అన్నవి. మూడింటికీ యజమాని తడుముకోకుండా ఔనంటే చేరిపోవచ్చు. మొదటిదానికే నసిగితే ఇంకో వర్క్‌షాపు చూసుకోవాలి. ఈ మాటలు అడగడానికి అతన్ని ఒక్కడినే వెళ్లనివ్వండి; మీరు పక్కన కూర్చుంటే యజమాని మీతో మాట్లాడతాడు, మీ అబ్బాయి వింటూ ఉండిపోతాడు.