పట్టా లేనివాళ్లు డంపింగ్ యార్డుపై కేసు వేయవచ్చా?

ప్రశ్న: మాది గోదావరి డెల్టాలో ఒక మున్సిపాలిటీ అండి. మా పేటను ఆనుకుని పంట కాలువ గట్టు మీద నాలుగేళ్లుగా పట్నం చెత్తంతా తెచ్చి పోస్తున్నారు. రాత్రిళ్లు తగలబెడుతున్నారు. వాన పడితే నల్లటి నీళ్లు కాలువలోకి దిగుతున్నాయి. ఇప్పుడు పక్క ఖాళీ స్థలం కూడా కలిపి యార్డు పెంచుతారట. అడిగితే వేరే స్థలం లేదు, నిధులు లేవు అంటున్నారు. మాలో సగం మంది ఇళ్లకు పట్టాలు లేవు. పట్టా లేనివాళ్ల కేసు చెల్లదని ఒక పెద్దాయన చెప్పారు. నిజమేనా? మా డ్వాక్రా సంఘం తరఫున వేయవచ్చా?

జవాబు: నిజం కాదమ్మా. ఆ మాట నమ్మి మీరు నాలుగేళ్లు ఊరుకున్నారంటే నాకు బాధగా ఉంది. రాజ్యాంగం 21వ అధికరణం ఇచ్చే జీవించే హక్కులో కాలుష్యం లేని గాలి, నీరు పొందే హక్కు కూడా ఉందని సుప్రీంకోర్టు 1991లో సుభాష్ కుమార్ కేసులో చెప్పింది. ఆ హక్కు మనిషికి ఉంటుంది, ఇంటి స్థలం కాగితానికి కాదు. జాతీయ హరిత ట్రిబ్యునల్ అంటే పర్యావరణ కేసులు వినే ప్రత్యేక న్యాయస్థానం. దాని చట్టం (2010) సెక్షన్ 18 ప్రకారం, బాధపడే ఏ వ్యక్తి అయినా, వాళ్ల తరఫున సంఘమైనా దరఖాస్తు చేయవచ్చు. మీ డ్వాక్రా సంఘం తీర్మానం రాసి, ఇద్దరు ముగ్గురు సభ్యులు సొంత పేర్లతో కూడా చేరితే బలంగా ఉంటుంది.

ఒక్క జాగ్రత్త. మీరు ఫిర్యాదు చేయగానే "మీరే ఆక్రమణదారులు" అని నోటీసు రావచ్చు. అది వేరే వివాదం. దానికి వేరే జవాబు ఇచ్చుకోవాలి తప్ప దీన్ని వదులుకోకూడదు. కరెంటు బిల్లులు, ఇంటి పన్ను రసీదులు, ఓటరు కార్డులు ఇప్పుడే ఒకచోట పెట్టుకోండి.

ఇక నిధుల సంగతి. మధ్యప్రదేశ్‌లోని రత్లాం మున్సిపాలిటీ కూడా ఇదే సాకు చెప్పింది. మురుగు కంపు భరించలేక అక్కడి ప్రజలు మేజిస్ట్రేటు దగ్గరకు వెళ్లారు. అది సుప్రీంకోర్టు దాకా వచ్చింది. డబ్బు లేదని చెప్పి పారిశుద్ధ్య బాధ్యత నుంచి తప్పించుకోవడం కుదరదని 1980లో జస్టిస్ కృష్ణయ్యర్ తీర్పు రాశారు. ఆ కేసు నడిచింది పాత సీఆర్‌పీసీ (నేర విచారణ స్మృతి) సెక్షన్ 133 కింద. పదిమందికి ఇబ్బంది కలిగించేదాన్ని తొలగించమని మేజిస్ట్రేటు ఆదేశించే సెక్షన్ అది. 2024 జూలై 1 నుంచి దాని స్థానంలో నాగరిక సురక్షా సంహిత సెక్షన్ 152 ఉంది. సబ్ డివిజనల్ మేజిస్ట్రేటు హోదాలో మీ ఆర్డీవో గారికి దీని కింద పిటిషన్ ఇవ్వవచ్చు. తగలబెట్టడం ఆపించడానికి ఇది దగ్గరి దారి. చెత్తను బహిరంగంగా కాల్చడాన్ని 2016 డిసెంబరులో హరిత ట్రిబ్యునల్ దేశమంతటా నిషేధించిందని పిటిషన్‌లో రాయండి. మామూలుగా కాలిస్తే 5,000, పెద్ద ఎత్తున కాలిస్తే 25,000 రూపాయలు కట్టాలని ఆ ఉత్తర్వులో ఉంది.

మీ కేసులో నాకు అన్నిటికంటే బలంగా కనిపించేది కాలువ. 1974 నాటి నీటి కాలుష్య చట్టంలో నదులు, ప్రవాహాలతో పాటు మనుషులు తవ్విన జలాలు, భూగర్భ జలాలు కూడా రక్షణలోకి వస్తాయి. ప్రస్తుతానికి ఎండిపోయి ఉన్న వాగు అయినా సరే. వేసవిలో కాలువలు కట్టేసినప్పుడు అడుగున పేరుకున్న ప్లాస్టిక్ సంచులు, నల్లబురద బయటపడతాయి. అప్పుడు తేదీ పడేలా ఫోటోలు తీయండి. ధవళేశ్వరం నుంచి మళ్లీ కాలువలు వదలగానే ఆ మురికంతా ముందు నీటితో కిందికి పోతుంది. ఆ నీటితోనే దిగువ ఊళ్లు మంచినీటి చెరువులు నింపుకుంటాయి. అంటే ఇది మీ పేట కష్టం మాత్రమే కాదు. దిగువ పంచాయతీల సర్పంచులను, చెరువు నీళ్లు తాగే కుటుంబాలను కలిసి సంతకాలు తీసుకోండి. "పేటవాళ్ల గొడవ" అని పక్కన పెట్టేసే అర్జీ, కిందనున్న పది ఊళ్ల సంతకాలతో వస్తే అలా పక్కన పెట్టలేరు.

మీరు సీసాలో పట్టిన నీళ్లు పదిమందికి చూపించడానికి పనికొస్తాయి. కేసులో నిలబడేది మాత్రం కాలుష్య నియంత్రణ మండలి అధికారి చట్టప్రకారం తీసిన నమూనా. కాబట్టి మండలికి రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి, నమూనాలు తీయమని అడిగి, రసీదు తీసుకోండి.

దీనికంటే ముందు సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. ఫీజు 10 రూపాయలు. తెల్ల కాగితం చాలు. జవాబుకు గడువు 30 రోజులు. ఈ స్థలాన్ని ఏ తీర్మానంతో ఎంచుకున్నారు, ఇంకే స్థలాలు పరిశీలించారు, వాటిని ఎందుకు వద్దనుకున్నారు, మండలి అనుమతి ఉందా, ఇవి అడగండి. మీ యార్డు మొదలైననాటికి అమల్లో ఉన్న 2016 ఘన వ్యర్థాల నిబంధనల ప్రకారం ల్యాండ్‌ఫిల్ (చెత్త పూడ్చే స్థలం) నదికి 100 మీటర్లు, చెరువుకు, నివాసాలకు, మంచినీటి బావులకు 200 మీటర్ల దూరంలో ఉండాలి. మీ గోడకు ఆనుకుని పోస్తున్నారంటే ఆ ఎంపిక ఎలా జరిగిందో వాళ్లే చెప్పాలి. చాలా పట్టణాల్లో చెత్త ఎప్పుడూ పేదల పేట వైపే పోతుంది. ఎందుకని ఎవరూ కాగితం మీద అడగకపోవడం వల్లే అది అలా సాగిపోతోంది.

విస్తరణ తీర్మానం ఇంకా కాలేదు కాబట్టి టైముంది. అభ్యంతరాలు రాసి కమిషనర్‌కు, కౌన్సిలర్లందరికీ, పాలకవర్గం లేకపోతే ప్రత్యేకాధికారికి ఇవ్వండి. నకలు సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో ఇవ్వండి. "యార్డు తీసేయండి" అని మాత్రమే రాస్తే అది ఇంకో పేట పక్కన తేలుతుంది. కాల్చడం ఆపాలని, మార్కెట్, హోటళ్లు, ఫంక్షన్ హాళ్ల తడి చెత్తను వేరుగా తీసుకోవాలని, పాత గుట్టను తవ్వి వేరుచేసి గడువులోగా ఖాళీ చేయాలని, కొత్త స్థలం ఎంచుకునే ముందు ఆ చుట్టుపక్కల వాళ్లతో సభ పెట్టాలని రాయండి.

చాలామంది అట్రాసిటీ కేసు పెట్టమంటారు. ఎస్సీ, ఎస్టీల ఇళ్ల దగ్గర చెత్త పోయడం ఆ చట్టంలో నేరమే. కానీ పరిసరాల్లో పోసినప్పుడు అవమానించాలన్న, బాధపెట్టాలన్న ఉద్దేశాన్ని రుజువు చేయాలి. మీరు రాసినదాన్ని బట్టి ఆ రుజువు కనిపించడం లేదు. దాని జోలికి ఇప్పుడే వెళ్లకపోవడమే మంచిదని నా అభిప్రాయం.

ఇవేవీ ఫలించకపోతే చెన్నైలోని హరిత ట్రిబ్యునల్ దక్షిణ మండల బెంచి ఉంది. సెక్షన్ 14 కింద సమస్య మొదలైన ఆరు నెలల్లో వెళ్లాలి. ఆలస్యానికి తగిన కారణం చూపితే మరో 60 రోజులు ఇస్తారు. మీకు నాలుగేళ్లయింది కాబట్టి సెక్షన్ 15 కింద పరిహారం, పర్యావరణ పునరుద్ధరణ కోరండి. దానికి గడువు ఐదేళ్లు. ఇంకా ఏడాదే మిగిలింది, దాన్ని అర్జీల్లోనే గడిపేయకండి. పరిహారం అడగని దరఖాస్తుకు ఫీజు 1,000 రూపాయలు, అడిగితే ఆ మొత్తంలో ఒక శాతం. దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవారికి ఫీజు లేదు.

లాయరు ఖర్చు గురించి టెన్షన్ పడకండి. 1987 న్యాయ సేవల చట్టం కింద మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో పని లేకుండా ఉచితంగా లాయరును ఇస్తారు. మీ కోర్టు ఆవరణలోనే మండల న్యాయ సేవల కమిటీ ఉంటుంది. ఆధార్, సంఘం తీర్మానం, ఫోటోలు, ఇచ్చిన అర్జీల రసీదులు తీసుకుని వెళ్లండి.