లోటు మీ స్పీకర్లలో లేదు

కావలి మిత్రునికి నమస్కారం. అమెరికా హెవీ మెటల్ బృందం మెటాలికా 1986 ఆల్బమ్ నిండుగా మోగిన స్పీకర్లలోనే 1988 నాటి ‘అండ్ జస్టిస్ ఫర్ ఆల్’ పెడితే బేస్ గిటార్ (మంద్ర స్వరాల గిటార్) దాదాపు వినబడటం లేదని, స్పీకర్లు మార్చాలా అని మీరు అడిగారు. మార్చవద్దు. ఆ లోటు రికార్డింగులోనే ఉంది.

1986 సెప్టెంబరులో స్వీడన్‌లో జరిగిన బస్సు ప్రమాదంలో బేస్ వాద్యకారుడు క్లిఫ్ బర్టన్ మరణించాడు. ఆయన చేతిలో బేస్ తోడు వాద్యంగా ఉండిపోలేదు, దానికి సొంత గొంతు ఉండేది. తరువాత చేరిన జేసన్ న్యూస్టెడ్ ఎక్కువగా గిటార్ స్వరాలనే అనుసరించి వాయించగా, మిక్సింగ్‌లో, అంటే వాద్యాల ధ్వనులను కలిపే దశలో, ఆ ధ్వనిని బాగా తగ్గించడంతో అది గిటార్ల కింద కలిసిపోయింది. అంత మంచి వాద్యకారుడి శ్రమ అలా మరుగున పడటం నాకు ఇప్పటికీ బాధ కలిగిస్తుంది. నెల్లూరులో నేనూ ఇదే సందేహంతో ఆంప్లిఫయర్‌ను మరమ్మతుకు తీసుకెళ్లాను; అందులో ఏ లోపమూ కనబడలేదు.

మీరు ఈక్వలైజర్ (మంద్ర, తార ధ్వనులను హెచ్చించి తగ్గించే అమరిక) మీటలను మధ్యలో ఉంచి 1991 ఆల్బమ్‌లోని ‘శాడ్ బట్ ట్రూ’ వినండి. నిర్మాత బాబ్ రాక్ హయాంలో బృందం వేగం తగ్గించి, ఆ పాటకు తీగలను ఒక పూర్తి స్వరం కిందికి శ్రుతి చేసుకుంది. బేస్ కూడా ముందుకు వచ్చింది. అది గుండెకు తగిలితే మీ స్పీకర్లు బాగున్నట్లే. 1988 ఆల్బమ్‌కు బేస్ నాబ్ పెంచితే గిటార్ల, డ్రమ్ముల మోతే పెరుగుతుంది కనుక దానిని కదపకండి. ఇక 2003 ఆల్బమ్‌లో స్నేర్ డ్రమ్ము (అడుగున తీగలు బిగించిన డ్రమ్ము) రేకు డబ్బాలా మోగినా కంగారు పడవద్దు. డ్రమ్ము అడుగు తీగలను తగలకుండా తప్పించి వాయించడమే అందుకు కారణం.