వంశవృక్షంలో బతికున్నవాళ్లు

చిరంజీవి మేనల్లుడికి,

ప్రొద్దుటూరు నుంచి మామ ఆశీస్సులు.

నువ్వు ఇంటర్నెట్‌లో పెట్టిన మన వంశవృక్షం చూశాను. 1876 నాటి ధాత కరువులో ఊరు దాటి వచ్చిన పెద్దాయన దాకా వెళ్లగలిగావంటే మాటలు కాదు. పోయినవాళ్ల గురించి ఎంత రాసినా నాకు అభ్యంతరం లేదు. ఉన్నవాళ్లను మాత్రం ఈ వారంలోనే బయటివాళ్లకు కనిపించకుండా చేయి.

ఈ-ఆధార్ ఫైలు ఎలా తెరుచుకుంటుందో నీకు తెలుసు. పేరులో మొదటి నాలుగు ఇంగ్లీషు అక్షరాలు, పుట్టిన సంవత్సరం కలిపితే అదే పాస్‌వర్డ్. నీ చెట్టులో ప్రతి కొమ్మకూ సరిగ్గా అవే వేలాడుతున్నాయి. ఎవరైనా నెట్ సెంటర్‌లో ఆ ఫైలు మరిచిపోయి వస్తే, దాని తాళంచెవి మనమే ఊరికి పంచిపెట్టినట్టు. అంతకంటే నాకు భయం ఫోన్ల గురించి. అమ్మ పుట్టింటి ఊరు, మేనమామ పేరు వరసగా చెప్పి, "అవ్వా, నేను ఫలానావాళ్ల మనవణ్ణి, ఆసుపత్రిలో ఉన్నాను, డబ్బు పంపు" అంటే మన ముసలివాళ్లు నమ్మకుండా ఉంటారా?

సైటే చూసుకుంటుందని ధీమా పడకు. పుట్టి 110 ఏళ్లు దాటనివాళ్లను, మరణానికి ఆధారం లేకపోతే, బతికున్నట్టే లెక్కించాలన్నది ఫ్యామిలీసెర్చ్ అనే వంశవృక్షాల సైటు పద్ధతి. మంచిదే. కానీ మన పెద్దల పుట్టిన తేదీ అంటే బడిలో చేర్చిన రోజున అయ్యవారు వేసినదే కదా! జూలై 1న పుట్టినవాళ్లు మన ఇంట్లోనే ఎంతమందో చూడు. పెద్దమ్మమ్మకు నువ్వు ఉజ్జాయింపుగా 1912 వేశావు. ఆ లెక్కన ఆమె ఎప్పుడో పోయినట్టు. నిన్న సాయంత్రం కూడా నాతో వక్కాకు తెప్పించుకుంది. బతికున్న ప్రతి ఒక్కరికీ 'జీవించి ఉన్నారు' అన్న గుర్తు నీ చేత్తో నువ్వే పెట్టు.

తాత పెద్దకర్మ కార్డును మరణానికి ఆధారంగా జతచేశావు. దాని అడుగున 'దుఃఖతప్త కుటుంబ సభ్యులు' అన్న మాట కింద ఏముందో చదివావా? కొడుకులు, కోడళ్లు, అల్లుళ్లు, ఎవరు ఏ ఊళ్లో ఏ ఉద్యోగం చేస్తున్నారో, చివర రెండు ఫోన్ నంబర్లు. పేర్లు దాచి కార్డు పెడితే దాచినట్టేనా? తాత ఫొటో, తేదీ ఉంచి కింద సగం కత్తిరించు. పెళ్లిపత్రికలైతే అసలు వద్దు. పిల్లల ఫొటోలు, బడి పేర్లు కూడా.

ఇక అనుమతి సంగతి. ఇంటి పెద్దను అడిగితే అందరినీ అడిగినట్టేనని మన ఇళ్లలో ఒక అలవాటు. కోడలి పుట్టిన తేదీ ఇవ్వడానికి మామగారెవరు? గోప్యత ప్రాథమిక హక్కని 2017లో సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం తీర్పిచ్చింది. ఆ హక్కు మనిషిది, ఇంటి యజమానిది కాదు. ఎవరి మాట వాళ్లనే అడుగు. వద్దన్నవాళ్లను కారణం అడగకు. దత్తత సంగతి ఇంకా తెలియని పిల్లవాడు ఉండవచ్చు. విడిపోయి వేరే ఊళ్లో ప్రశాంతంగా ఉన్న ఆడపడుచు ఉండవచ్చు. కక్షల కాలంలో ఊరు వదిలి, ఎక్కడున్నదీ చెప్పుకోవడం ఇష్టంలేనివాళ్లు మన సీమలో తక్కువేమీ కాదు.

దూరపు చుట్టాలెవరైనా జెడ్‌కామ్ ఫైలు, అంటే వంశవృక్షం మొత్తాన్ని ఒక సైటు నుంచి ఇంకో సైటుకు మార్చుకునే ఫైలు, అడిగితే, బతికున్నవాళ్లను వదిలేసే ఎంపిక పెట్టి తీసి ఇవ్వు. ఒకసారి చేయి దాటిన ఫైలు ఎవరి సైటులో తేలుతుందో చెప్పలేం.

అందరి పేర్లూ ఉన్న ఒక ప్రతిని మాత్రం కాగితం మీద అచ్చు తీసి ఉగాదికి తీసుకురా. జమ్మలమడుగు వాళ్ల కొమ్మలో అన్నను తమ్ముడు చేశావు, ఆయన చూశాడంటే పండగపూట మనకు తిట్లే. ముందు అది దిద్దుదాం.

ఇట్లు,
నీ మామ