డయాఫ్రమ్ హెర్నియాకి కీహోల్ ఆపరేషన్: రిస్క్ ఎంత?

గాజువాకలో ఉంటున్న మీ అమ్మగారికి ఈ ఆపరేషన్ చెప్పారు, భయపడాలా అని అడిగారు.

ఛాతీకీ కడుపుకీ మధ్య ఉండే కండరమే డయాఫ్రమ్. దాని సందులోంచి జీర్ణాశయం పైకి జారితే, పొట్ట మీద నాలుగైదు చిన్న రంధ్రాలు పెట్టి, కెమెరాలో చూస్తూ కిందికి లాగి, సందు కుట్టేస్తారు. నొప్పి తక్కువ, త్వరగా లేచి తిరుగుతారు.

అలాగని చిన్న ఆపరేషనేం కాదు. రక్తస్రావం, అన్నవాహికకో ప్లీహానికో గాయం అరుదుగా జరగొచ్చు; అప్పుడు పెద్ద కోత పెట్టాల్సి రావచ్చు. పొట్టలో నింపిన గ్యాస్ వల్ల ఒకట్రెండు రోజులు భుజం లాగుతుంది, దానికి టెన్షన్ వద్దు. కొన్ని వారాలు ఇడ్లీ ముక్క కూడా గొంతులో ఆగినట్టుంటుంది, జావతో మొదలుపెట్టాలి.

నా దృష్టిలో అసలు చిక్కు హెర్నియా మళ్లీ రావడం. పెద్దవాటిలో ఆ అవకాశం ఎక్కువ. ఇలాంటివి ఏడాదికి ఎన్ని చేస్తారో సర్జన్‌ని మొహమాటపడకుండా అడగండి.