నెట్ లేకపోయినా ప్యానెల్ మీద పాఠం చెప్పొచ్చు

మేడమ్, కరెంటు పాఠం మధ్యలో నెట్ ఆగిపోయి క్లాసులోని డిజిటల్ ప్యానెల్ (పెద్ద టచ్ స్క్రీన్) మీద వీడియో నిలిచిపోతోందని, పిల్లలు గోల చేస్తున్నారని రాశారు. టెన్షన్ పడకండి. సైన్సు ప్రయోగాలను తెర మీద చేసి చూసే ఫెట్ (PhET) వెబ్‌సైట్‌లో సర్క్యూట్ సిమ్యులేషన్, అంటే బ్యాటరీ, వైర్లు, బల్బులు తెర మీదే కలిపి చూసే ప్రోగ్రామ్, ఉచితంగా దొరుకుతుంది. ఇంట్లోనే డౌన్‌లోడ్ చేసి పెన్‌డ్రైవ్‌లో వేసుకోండి. అది ఒక్క హెచ్‌టీఎంఎల్ ఫైలు, బ్రౌజర్‌లో నెట్ లేకుండానే నడుస్తుంది. ప్యానెల్‌లో తెరుచుకోకపోతే ల్యాప్‌టాప్‌ని హెచ్‌డీఎంఐ కేబుల్‌తో కలపండి.

అన్నీ మీరే చేసి చూపించకండి, నాకు ఇదే అసలు విషయం. రెండో బల్బును సిరీస్‌లో, అంటే మొదటి బల్బు తర్వాత అదే వరుసలో, కలిపితే వెలుగు పెరుగుతుందా, తగ్గుతుందా? ముందు అందరితో నోట్సులో రాయించండి. తర్వాత వెనక బెంచీ నుంచి ఒకరిని పిలిచి కలపమనండి. రెండు బల్బులూ మసకబారగానే క్లాసంతా ‘ఎందుకు మేడమ్?’ అని అడుగుతుంది. మరుసటి పీరియడ్‌లో నిజం బ్యాటరీ, బల్బులతో కూడా చేయించండి, అది మాత్రం వదలొద్దు.