సిఫారసు ఉత్తరం లేకపోతే సొరోరిటీలో చేర్చుకోరా?

ప్రశ్న: మా అమ్మాయికి అమెరికాలో, అలబామాలో డిగ్రీ సీటు వచ్చింది. అక్కడి అమ్మాయిల సంఘం, అదే సొరోరిటీలో చేరాలని దాని ఆశ. పాత సభ్యురాళ్ల సిఫారసు ఉత్తరాలు లేనిదే గడప తొక్కనివ్వరని మా ఆడపడుచు అంటోంది. మాకక్కడ ఎవరూ తెలియదు. ఎవరిని పట్టుకోవాలి?
– ఒక తల్లి, ఎంవీపీ కాలనీ, విశాఖపట్నం

జవాబు: ఎవరినీ పట్టుకోకండమ్మా. మీ ఆడపడుచుగారు చెప్పింది అబద్ధం కాదు, పాతబడిన మాట. మా పెద్దమ్మాయి వెళ్లే రోజుల్లో ఆ దక్షిణాది రాష్ట్రాల్లో ఉత్తరం లేకుండా వెళ్లడమంటే శుభలేఖ అందకుండా పెళ్లికి వెళ్లినట్టే. ఈమధ్య చాలా సొరోరిటీలు ఆ నియమం ఎత్తేశాయి. 1902లో ఏర్పడిన వాళ్ల సమాఖ్య, నేషనల్ పాన్‌హెలెనిక్ కాన్ఫరెన్స్‌లో 26 సొరోరిటీలున్నాయి. ఎవరి పద్ధతి వారిది, ఒక్కోదాని వెబ్‌సైట్ చూసుకోండి.

ఆ ఉత్తరం ఎవరుపడితే వారు రాసేది కాదు. పాత సభ్యురాలు తన సొరోరిటీకి మాత్రమే రాయగలదు, నేరుగా వాళ్లకే పంపుతుంది. అది వెళ్లినంత మాత్రాన చేరమనే పిలుపు, వాళ్ల మాటల్లో 'బిడ్', వస్తుందన్న హామీ లేదు. ఎవరిని పిలవాలన్నది అక్కడ చదువుతున్న అమ్మాయిలే ఓటేసి తేల్చుకుంటారు.

లాసన్స్ బే కాలనీలో మా వీధిలోనే, అక్కడ చదువుకుని వచ్చినావిడ ఒకరు మా అమ్మాయికి రాస్తానన్నారు. మార్కుల జాబితా, బహుమతులు పక్కన పెట్టేసి గంటసేపు కూర్చోబెట్టి మాట్లాడారు. ఆదివారాలు పెదజాలారిపేటలో పిల్లలకు లెక్కలు చెప్పేదని తెలిసి, "వాళ్లు రాని రోజున ఏం చేసేదానివి?" అనడిగారు. "ఇళ్లకెళ్లి పిలుచుకొచ్చేదాన్ని ఆంటీ" అంది. ఆవిడ ఆ ఒక్క మాటే రాసుకున్నారు.

ఆ సొరోరిటీ మా అమ్మాయిని పిలవలేదు. ఏ ఉత్తరమూ వెళ్లని ఇంకోటి పిలిచింది. అక్కడి అమ్మాయిలు "నీ గురించి చెప్పు" అన్నప్పుడు ఆ జాలారిపేట పిల్లల సంగతే తడుముకోకుండా చెప్పిందట. ఆ గంట కూర్చోబెట్టినందుకు ఆవిడకు ఇప్పటికీ రుణపడి ఉన్నాను.

మీ అమ్మాయిని నిజంగా ఎరిగిన పాత సభ్యురాలు ఎవరైనా దొరికితే, ఒక పేజీ వివరాలు, ఫొటో ఇచ్చి అడగండి. ముక్కూ మొహం తెలియనివారిని బతిమాలి తెచ్చుకునే కాగితంలో మీ పిల్ల ఉండదు. అంతకన్నా ముఖ్యం, రిక్రూట్‌మెంట్‌కి, అంటే సొరోరిటీలు కొత్తవాళ్లను ఎంచుకునే కార్యక్రమానికి, యూనివర్సిటీ దగ్గర పేరు నమోదు చేసుకోవడం. దానికి గడువుంది, ఫీజు వేరే. చేరాక కట్టాల్సిన చందాలెంతో కూడా ఇప్పుడే అడిగి రాసుకోండి. ఉత్తరాల హడావిడిలో మేమది అడగలేదు, మొదటి బిల్లు వచ్చాక మావారు రెండు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు.